కొంచెం అన్నాడు

ఏప్రిల్ 9, బుధవారం

మా ఆయన ఆరిన్‌ని హెలికాప్టర్‌లో సిటీకి తీసుకెళ్ళారు. నేను కారులో వెనకాలే వెళ్ళాను. గొంతులోకి గొట్టం వేశారు. మాట్లాడలేడు.

రాయడానికి ఇంకేమీ లేదు.

ఏప్రిల్ 10, గురువారం

ఉంది. చాలా ఉంది. నిన్న రాయలేకపోయాను.

రైలు పట్టాల పక్కనున్న పాత పాలకేంద్రం తగలబడింది. పావురాలు తప్ప ఎవరూ ఉండరనుకున్న ఇటుకల కొట్టం అది. మా ఊరు వెర్డల్‌లో జీతం తీసుకునే ఫైర్‌మన్ ఒక్కడూ లేడు. అగ్గి పడిందని పేజర్ మోగగానే చేతిలో పని పడేసి పరిగెత్తేవాళ్ళే అందరూ. ఆరిన్ అప్పుడు రిపేరుకొచ్చిన గడ్డికోత మిషన్ ఒకటి విప్పి ముందేసుకుని ఉన్నాడు. అది అలాగే ఉంది షెడ్డులో, పేగులు బయటపెట్టుకుని.

నీళ్ళ పైపు ముందు పట్టుకున్నది కెండ్రా. ఇరవై మూడేళ్ళ పిల్ల, వృద్ధాశ్రమంలో పని చేస్తుంది, కిందటేడే ఫైర్ స్టేషన్లో చేరింది. ఆరిన్ ఆమెకి కెప్టెన్. గుమ్మంలో నిలబడి నీళ్ళు కొట్టమన్నాడు. ఖాళీ కొట్టం కాలుతుంటే ఎవరైనా నీళ్ళే కొడతారు. లోపలికి వెళ్ళడం లేదు కదా అని మొహాలకి గాలి మాస్కులు కూడా పెట్టుకోలేదు. నీళ్ళు పడ్డాక పచ్చటి పొగ లేచిందట. కెండ్రా కుప్పకూలింది. ఆరిన్ వెళ్ళి ఆమెను ఈడ్చుకొచ్చాడు, ఆ పొగంతా పీలుస్తూ.

లోపల గేలెన్ సరుకుంది. ఈతకొలనుల్లో వేసే క్లోరిన్ పొడి, బిళ్ళలు. కాలుతున్న ఆ పొడి మీద నీళ్ళు పడితే ఊపిరితిత్తులు కాలిపోయే గాలి వస్తుందట. నాకు డాక్టర్ చెప్పాడు. ఆరిన్‌కి ఎవరూ చెప్పలేదు.

గేలెన్ స్ట్రాండ్ పరాయివాడు కాదు. మెయిన్ స్ట్రీట్‌లో హార్డ్‌వేర్ కొట్టు అతనిదే. ఆరిన్‌కి చిన్నప్పటి స్నేహితుడు. పైగా అతనూ ఫైర్‌మనే. మా స్టేషన్ కోశాధికారి. నిన్న సరుకు బేరానికి సిటీకి వెళ్ళాడట, పేజర్ ఇంట్లో పెట్టి.

ఏప్రిల్ 12, శనివారం

బట్టలు తీసుకెళ్దామని ఇంటికొచ్చాను. వంటింటి బల్ల నిండా గిన్నెలు. ఇక్కడ ఎవరికి ఏం జరిగినా ముందు ఇంటికి హాట్‌డిష్ వస్తుంది. మాంసం, బీన్సు, పైన బంగాళాదుంప ముద్దలు పేర్చి కాల్చింది. ప్రతి గిన్నె అడుగునా తెల్ల టేపు ముక్క, దాని మీద ఇంటిపేరు. గిన్నె తిరిగి వెళ్ళాలి కదా. వెళ్ళేటప్పుడు ఖాళీగా వెళ్ళకూడదు. నాలుగు బిస్కెట్లో, ఒక జామ్ సీసానో వేసివ్వాలి. మా అమ్మ కాలం నుంచీ అంతే.

ఒక గిన్నె అడుగున లవోన్ గుండ్రటి రాత, 'స్ట్రాండ్' అని. లవోన్ అంటే గేలెన్ పెళ్ళాం.

గిన్నె మీద పేరు రాయడం వచ్చు ఆ ఇంటివాళ్ళకి. పాలకేంద్రం తలుపు మీద ఒక్క ముక్క రాయడం మాత్రం చేత కాలేదు.

అందులోది కుక్కకి పెట్టాను. బాగానే తింది. దానికి పౌరుషం లేదు. గిన్నె కడిగి ఫ్రిజ్ మీద పెట్టాను. మా నీలం గిన్నె మూత క్రిస్మస్ నుంచీ వాళ్ళింట్లోనే ఉంది. ఎవరి గిన్నె ఎవరి అలమారలో ఉందో లెక్కపెట్టుకునే ఇళ్ళు కావు మావి. కావు అనుకున్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం

చర్చి బయట అందరూ ఆరిన్ ఎలా ఉన్నాడని అడిగారు. ఫరవాలేదు, కొంచెం దగ్గుంది అన్నాను.

కొంచెం దగ్గట. మనిషి గొట్టంతో ఊపిరి పీలుస్తున్నాడు. ఈ ఊరి నీళ్ళు తాగితే నోటికి ఇంకో మాట రాదు. పన్నెండు వందల ఎకరాలవాడు నాకూ కొంచెం పొలముంది అంటాడు. ఆరిన్ కొత్త పికప్ కొన్నప్పుడు నెల రోజులు షెడ్డు వెనకాల దాచాడు, ఎవరైనా చూసి గొప్పలు పోతున్నాడంటారని. కాన్సర్ వచ్చినవాడు ఒంట్లో కొంచెం నలతగా ఉందంటాడు. పోయాక తెలుస్తుంది మనకి.

ఏప్రిల్ 15, మంగళవారం

రాష్ట్ర ప్రభుత్వం నుంచి విచారణకి ఒకామె ఆసుపత్రికి వచ్చింది. అకర్‌మన్ అని పేరు. కుర్చీ లాక్కుని కూర్చుని, ముందు నేను భోంచేశానో లేదో అడిగింది. అందుకే ఆమె మీద కోపం తెచ్చుకోలేకపోయాను.

ప్రమాదకరమైన సరుకు ఇంతకి మించి పెట్టుకున్న వ్యాపారి ఎవరైనా ఏటా మార్చి ఒకటిలోపు రాసివ్వాలట. ఏ సరుకు, ఎంత, ఏ గదిలో. రాష్ట్రానికి ఒకటి, జిల్లాకి ఒకటి, ఊళ్ళో ఫైర్ స్టేషన్‌కి ఒకటి. ఇది నాకు కొత్త సంగతేం కాదు. ఎరువుల సొసైటీవాళ్ళు ఏటా ఇస్తారు, అది చూసి ఆరిన్ స్టేషన్ గోడ మీది పటంలో ఎర్ర గుర్తు పెడతాడు. అక్కడికి నీళ్ళతో పోకూడదు, గాలి ఎటు వీస్తోందో చూడకుండా పోకూడదు అని కుర్రాళ్ళకి పాఠం చెబుతాడు. పాలకేంద్రం మీద ఏ గుర్తూ లేదు.

మీ ఆయనకి ఆ సరుకు సంగతి తెలుసా అని అడిగింది. తెలియదన్నాను.

ఏప్రిల్ 16, బుధవారం

ఆరిన్‌కి తెలియదు.

ఏప్రిల్ 20, ఈస్టర్

ఈస్టర్ పూట వెండెల్ బ్రెకీ ఆసుపత్రికి లిల్లీ పూలు పట్టుకొచ్చాడు. మా స్టేషన్ చీఫ్. టోపీ చేతిలో నలుపుతూ చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. వాన గురించి మాట్లాడటానికి గంటన్నర కారు నడుపుకుంటూ ఎవరూ రారు.

చివరికి బయటపడ్డాడు. గేలెన్ ఆ అకర్‌మన్‌కి చెప్పాడట, కాగితం ఇవ్వని మాట నిజమే కానీ నోటితో చెప్పానని. ఎవరికయ్యా అంటే ఆరిన్‌కి. జనవరిలో, గడ్డకట్టిన సరస్సు మీద చేపల గుడిసెలో, మంచుకి కన్నం పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నప్పుడు. కెప్టెన్‌కి చెబితే స్టేషన్‌కి చెప్పినట్టే కదా అంటున్నాడట.

"అంటే ఏమిటి వెండెల్? ఆరిన్ తెలిసి తెలిసీ ఆ పిల్లని నీళ్ళ పైపు ఇచ్చి నిలబెట్టాడనా?"

అలా కాదు ఆర్డిస్, అన్నాడు. ఆరిన్ అబద్ధం చెప్పక్కర్లేదు, కాదనకుండా ఉంటే చాలు అన్నాడు. అప్పుడు అది కాగితం మరిచిపోయిన తప్పు అవుతుంది, అంతే. లేకపోతే గేలెన్‌ని కోర్టుకి లాగుతారు, కొట్టు మూతపడుతుంది, ఊళ్ళో ఇంకో హార్డ్‌వేర్ కొట్టు లేదు. "రేపు మేకు కావాలన్నా సిటీకి పోవాలి" అన్నాడు.

మేకులట. పూలకుండీ తీసుకుని నెత్తిన కొట్టేదాన్ని, పక్కన నర్సు ఉంది. మళ్ళీ ఏటా గేలెన్‌ని అడగాల్సింది ఈ పెద్దమనిషే. నువ్వేమైనా రాసివ్వాలా అని ఎన్నడూ అడగలేదట. మన గేలెన్ కదా, మన స్టేషన్లో వాడే కదా అనుకున్నాడట. కంచే చేను మేస్తుంటే కాపలావాడు కూర్చుని వాన గురించి మాట్లాడుతున్నాడు.

ఏప్రిల్ 21, సోమవారం

జనవరిలో ఆ గుడిసె నుంచి వచ్చి ఆరిన్ బూట్లు విప్పుకుంటూ ఏదో చెప్పాడు. నేను రేడియో వింటున్నాను. చేపల గురించే అయి ఉంటుంది.

ఆరిన్‌కి తెలియదు.

ఏప్రిల్ 24, గురువారం

గొట్టం తీశారు. గొంతు గరగరలాడుతోంది, రెండు మాటలకి ఆయాసం. మొదటి మాట నా పేరు కాదు. "కెండ్రా?" అన్నాడు. ఎడమ కన్ను పోయింది అని చెప్పాను. ఎలాగూ తెలిసేదే. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అడగలేదు నేను. ఆయాసపడుతున్న మనిషిని ఏం అడుగుతాం.

ఏప్రిల్ 27, ఆదివారం

గేలెన్ వచ్చాడు. గది గుమ్మంలోకి రానివ్వలేదు. కాఫీ మిషన్ దగ్గర పట్టుకున్నాను. పదేళ్ళు పెద్దవాడయినట్టున్నాడు. జాలి పడదామని చూశాను, పడలేకపోయాను.

ఎందుకివ్వలేదు ఆ కాగితం, అన్నాను. ముందు, మనలో మనకి కాగితాలేంటి ఆర్డిస్, నేనూ ఆ స్టేషన్లో వాణ్ణే కదా అన్నాడు. నువ్వు స్టేషన్లో వాడివైతే ఆ రోజు పైపు నువ్వే పట్టుకోవాల్సింది అన్నాను.  తర్వాత అసలు సంగతి చెప్పాడు, గొంతు తగ్గించి, అదేదో సిగ్గుపడాల్సిన జబ్బయినట్టు.

"ఆ కాగితం ఎవరైనా అడిగి చూడొచ్చు, ఆర్డిస్. జిల్లా ఆఫీసులో. ఎంత సరుకుందో అంకెలతో సహా. గేలెన్ పెద్దవాడైపోయాడు, కొండంత సరుకు దింపాడు అని ఊరంతా అనుకుంటుంది. నాకు అలాంటివి ఇష్టం ఉండవు, నీకు తెలుసుగా."

తెలుసు. ఒళ్ళు మండిపోయేంత బాగా తెలుసు. ఈ ఊళ్ళో గొప్పవాడని పేరు పడటం కంటే దొంగ అని పేరు పడటం నయం. ఇతని వినయానికి ఒక ఆడపిల్ల కన్ను పోయింది.

ఆరిన్‌కి నిజంగా చెప్పావా అని అడగబోయాను. నోటిదాకా వచ్చింది. కాఫీ తీసుకుని గదిలోకి వచ్చేశాను.

మే 1, గురువారం

ఇంటికి తీసుకొచ్చాం. ఆక్సిజన్ సిలిండర్ మంచం పక్కన. దాని మీద మాత్రం ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉందో, ఇది ఫలానా, దగ్గర్లో నిప్పు పెట్టకు అని. ఇంట్లో అటూ ఇటూ తిరిగినప్పుడల్లా అదే కనిపిస్తోంది.

పేజర్ తీసి సొరుగులో పడేశాను.

మే 3, శనివారం

అకర్‌మన్ వచ్చే వారం వాంగ్మూలం తీసుకుంటుందట. ఆరిన్ కిటికీ దగ్గర కూర్చుని పక్షుల డబ్బాలో గింజలు అయిపోయాయన్నాడు. రోజంతా మాట్లాడింది అదొక్కటే.

లవోన్ గిన్నె ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. కాఫీ క్లబ్బులో అనుకుంటున్నారట, ఆర్డిస్ గిన్నె తిరిగివ్వలేదు, పాపం మనసు బాలేదు అని. మనసు బ్రహ్మాండంగా ఉంది. నిప్పులు చెరుగుతోంది.

మే 7, బుధవారం

అన్నీ వరసగా రాయాలి. రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

మధ్యాహ్నం కెండ్రా వచ్చింది. వాళ్ళమ్మ కారులో దింపి వెళ్ళింది. ఎడమ కంటికి నల్ల గుడ్డ కట్టుకుంది. మెట్లెక్కుతూ గోడ తడుముకుంది. కాఫీ పోస్తే కప్పుకి పక్కన చెయ్యి పెట్టింది. నేను కప్పు జరిపాను, తను చూడనట్టు ఊరుకుంది.

ఇంకా ఏమీ మాట్లాడుకోకముందే వెండెల్ పికప్ వచ్చి ఆగింది. పక్కన గేలెన్. వాంగ్మూలానికి ముందు స్నేహితులిద్దరూ ఒకసారి కూర్చుంటే మంచిదని తీసుకొచ్చాడట. కెండ్రాని చూసి ఇద్దరూ గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. వెళ్ళిపొండి అనబోయాను. ఆరిన్ చెయ్యెత్తాడు, రానివ్వమని.

నలుగురూ కూర్చున్నారు. నేను కూర్చోలేదు. వెండెల్ వాన సంగతి ఎత్తబోయాడు. కెండ్రా అతని వైపు చూడనైనా లేదు.

"కెప్టెన్, ఒక్కటే అడుగుతాను. ఆ లోపల ఏముందో మీకు తెలుసా?"

 తెలియదు అంటాడు. తెలియదు అని ఇన్ని రోజులుగా నేను రాస్తూనే ఉన్నాను.

ఆరిన్ సిలిండర్ గొట్టం సర్దుకుని, ఊపిరి పోగుచేసుకుని చెప్పాడు. జనవరిలో గుడిసెలో కూర్చున్నప్పుడు గేలెన్ అన్నాడు, కొలను సరుకు ఈసారి కొంచెం ముందే తెప్పించి పాలకేంద్రంలో పెట్టానని. కొంచెం అంటే ఒక పది బకెట్లు అనుకున్నాను. రాసివ్వక్కర్లేనంత. మార్చి నాటికి కొట్టులోకి మార్చేసి ఉంటాడనుకున్నాను. ఆ రోజు పొగ చూసినప్పుడు అది గుర్తే రాలేదు అన్నాడు.

"అడగాల్సింది. ఎంత అని ఒక్క మాట. అడగలేదు. మన ఊళ్ళో అలా అడగరు కదా." ఆయాసం తీర్చుకుని మళ్ళీ అన్నాడు. "అది నా తప్పు. దానికి నీ ముందు నేను తలెత్తలేను."

గేలెన్ మొహంలోకి రక్తం వచ్చింది. చూశారా, చెప్పానంటే చెప్పాను అన్నట్టు వెండెల్ వైపు తిరిగాడు. బుద్ధున్నవాడైతే నోరు మూసుకునేవాడు. "నేను మొదటి నుంచీ అదే అంటున్నాను" అన్నాడు.

అప్పుడు ఆరిన్ అతని వైపు తిరిగాడు. "ఎంత, గేలెన్?"

"అంటే... కొంచెం ఎక్కువే అయింది చివరికి. బేరం బాగుందని..."

"ఎంత?"

"పాలకేంద్రం సగం దాకా అనుకో."

"నాకు కాదు. ఆ పిల్లకి చెప్పు. ఎంతుంది?"

గేలెన్ కెండ్రా వైపు చూశాడు. ఉన్న ఒక్క కంటితో ఆమె అతన్నే చూస్తోంది. వెండెల్ టోపీ కింద పడింది, తీసుకోలేదు.

"ఇరవై రెండు టన్నులు" అన్నాడు గేలెన్.

అంత పెద్ద అంకె ఈ వంటింట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అని ఉండరు. కెండ్రా ఏడవలేదు. తల ఊపింది, ఇన్నాళ్ళకి ఒకరు తన ప్రశ్నకి జవాబు చెప్పినట్టు. "ఇరవై రెండు టన్నులని తెలిస్తే మేము ఆ వీధిలోకే వచ్చేవాళ్ళం కాదు" అంది. "దూరంగా నిలబడి కాలనిచ్చేవాళ్ళం. అంతేగా కెప్టెన్?"

అంతే, అన్నాడు ఆరిన్.

వాళ్ళు వెళ్ళిపోయాక ఫోన్ అడిగాడు. అకర్‌మన్‌కి తనే చేశాడు. కొంచెం అన్న మాట, తను అడగని మాట, ఇరవై రెండు టన్నుల మాట, మూడూ చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఊపిరాడక ఆగాడు. నేను ఫోన్ పట్టుకున్నాను, కానీ మాట సాయం చెయ్యలేదు.

మే 8, గురువారం

ఈ పేజీలు వెనక్కి తిప్పాను. ఆరిన్‌కి తెలియదు, ఆరిన్‌కి తెలియదు.

ఇవాళ అతనితో మాట్లాడలేదు. సూప్ పెట్టాను, మాత్రలు ఇచ్చాను, మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళు కుర్రాళ్ళకి పాఠాలు చెప్పి, స్నేహితుడి దగ్గర ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడ్డాడు. మళ్ళీ నిన్న అందరి ముందూ అది చెప్పుకోవడానికి మొహమాటపడలేదు. మొదటి దానికి కొట్టాలనుంది. రెండో దానికి ఏం చెయ్యాలో తెలియడం లేదు.

సాయంత్రం పక్షులకి గింజలు పోశాను.

మే 10, శనివారం

లవోన్ గిన్నె పట్టుకుని వెళ్ళాను. పొద్దున బిస్కెట్లు చేశాను, అలవాటు కొద్దీ చేతులు వాటంతట అవే చేసేశాయి. వాటిని డబ్బాలో పోసి కెండ్రా వాళ్ళింట్లో ఇచ్చి, అటునుంచి స్ట్రాండ్ వాళ్ళింటికి వెళ్ళాను.

లవోన్ తలుపు తీసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గేలెన్ లోపలెక్కడో ఉన్నాడు, టీవీ శబ్దం వినిపిస్తోంది. "ఆరిన్ ఎలా ఉన్నాడు?" అంది.

"ఎడమ ఊపిరితిత్తి సగం పనికిరాదు లవోన్. కుడిది పావు వంతు. మెట్లెక్కలేడు. ఇక షెడ్డులో పని చెయ్యలేడు. కెండ్రాకి ఆ కన్ను ఇక రాదు."

అలా అంకెలతో చెబుతానని ఆమె అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఇంకొంచెం అయితే ఫరవాలేదు అని కలిపేదాన్ని, పళ్ళు బిగించుకున్నాను.

గిన్నె ఇచ్చాను. రెండు చేతులతో అందుకుంది. లోపలికి చూసింది. అడుగు తిప్పి టేపు చూసుకుంది, పొరపాటున వేరేవాళ్ళది తెచ్చానేమోనని. తనదే. మళ్ళీ లోపలికి చూసింది. అప్పుడు అర్థమయింది.  లవోన్ నాకేం చెయ్యలేదు, తెలుసు. అయినా వెనక్కి తిరిగి మెట్లు దిగాను.

ఇంటికొస్తే ఆరిన్ కిటికీ దగ్గరే ఉన్నాడు. రెండు రోజుల తర్వాత మొదటి మాట నేనే అన్నాను, గిన్నె ఇచ్చేశానని.

"ఏం వేసిచ్చావు?"

"ఏమీ వెయ్యలేదు."

"ఖాళీగానా?"

"ఖాళీగానే."

చాలాసేపు దగ్గాడు. నీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు నా చేతికిచ్చి, బయట పక్షుల వైపు చూస్తూ అన్నాడు.

"మన నీలం మూత వాళ్ళ దగ్గరే ఉండిపోయింది."

"ఉంచుకోమను" అన్నాను.